శిక్షకు గడువుంది, అనర్హతకు లేదు

మోసం కేసులోనో, దొంగ ధ్రువపత్రాల కేసులోనో నాలుగు నెలలు జైలులో ఉండి వచ్చిన మనిషి తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చునా? పెట్టుకోవచ్చునని, కాకపోతే శిక్షాకాలం ముగిశాక ఐదేళ్లు ఆగాలని భారత ఆయుధాల చట్టం చెబుతోంది. అమెరికా చట్టం అలా చెప్పదు. ఒక్క రోజు కూడా జైలు గడప తొక్కకపోయినా సరే, ఏడాదికి మించి శిక్ష విధించదగిన నేరం రుజువైతే చాలు, ఆ మనిషి జీవితాంతం తుపాకీ ముట్టుకోరాదు. ఎవరినీ కొట్టకపోయినా, ఎవరినీ బెదిరించకపోయినా నిషేధం నిషేధమే.

కాగితం మీద చూస్తే భారత చట్టమే ఉదారమైనదనిపిస్తుంది. ఆచరణలో పరిస్థితి అందుకు తలకిందులుగా ఉంది. అమెరికాలో తుపాకీ రాజ్యాంగం గుర్తించిన హక్కు. దానిని లాక్కున్న ప్రభుత్వం ఎందుకు లాక్కున్నదో కోర్టులో చెప్పుకోవలసి వస్తోంది. భారతదేశంలో అది ప్రభుత్వం దయతో ఇచ్చే అనుమతి. చట్టం విధించిన ఐదేళ్లు గడిచిపోయినా, అసలు శిక్షే పడకపోయినా, దరఖాస్తుదారు అర్హుడని ఒప్పుకోవలసిన అగత్యం ఏ అధికారికీ కనిపించడం లేదు.

ఆహార కూపన్ల కేసు

అమెరికాలో ఈ చర్చను రాజేసినది చాలా చిన్న నేరం. పెన్సిల్వేనియాకు చెందిన ఒక కుటుంబీకుడు 1990 దశకంలో ఇళ్ల ముందు గడ్డి కోస్తూ వారానికి 300 డాలర్ల సంపాదనతో ముగ్గురు పిల్లలను పోషించేవాడు. పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆహార కూపన్ల దరఖాస్తులో ఆ ఆదాయాన్ని పూర్తిగా చూపలేదు. 1995లో నేరం ఒప్పుకున్నాడు. మూడేళ్ల ప్రొబేషన్ విధించారు, అదనంగా తీసుకున్న 2,458 డాలర్లు తిరిగి కట్టించుకున్నారు. అంతటితో కథ ముగిసిందని అతడు అనుకున్నాడు. అయితే ఆ నేరానికి ఆ రాష్ట్రంలో గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. ఫెడరల్ చట్టం వేసిన శిక్షను చూడదు, వేయగలిగిన శిక్షను చూస్తుంది. ఆ లెక్కన వేటకు తుపాకీ కొనుక్కునే అర్హత అతడికి జీవితాంతం పోయింది.

ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2023లో ఒకసారి, సుప్రీంకోర్టు తిప్పి పంపిన తర్వాత 2024 డిసెంబరు 23న మరొకసారి అతడికి అనుకూలంగా తీర్పు చెప్పింది. రెండవసారి 13 మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరే మరొకవైపు నిలిచారు. అయితే ఆ తీర్పు అతడొక్కడికే పరిమితమని కూడా ధర్మాసనం జాగ్రత్తగా రాసుకున్నది. మిగతా వాళ్లు ఎవరి వ్యాజ్యం వాళ్లు వేసుకోవలసిందే.

ఈ నిషేధం అమెరికా అంత పాతదేమీ కాదు. 1938 నాటి చట్టం హింసాత్మక నేరాలు చేసినవారికే దీనిని వర్తింపజేసింది. 1961లో పార్లమెంటు ‘హింసాత్మక’ అన్న షరతు ఎత్తివేసి, ఫెలొనీలుగా లెక్కకు వచ్చే నేరాలన్నిటినీ కలిపేసింది. కెనడీ సోదరుడు రాబర్ట్, మార్టిన్ లూథర్ కింగ్ హత్యల దరిమిలా 1968లో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం ఆ నిషేధాన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చింది. హంతకుడిని, దొంగ లెక్కలు చూపిన గుమాస్తాను ఒకే గాటన కట్టిన ఈ చట్టంలో ఒక వర్గానికి మాత్రం మినహాయింపు దొరికింది. గుత్తాధిపత్య నిరోధక చట్టాలను ఉల్లంఘించినవారు, పోటీదారులతో కుమ్మక్కై ధరలు పెంచినవారు, ఇలాంటి ఇతర వ్యాపార నేరాలు చేసినవారు ఈ నిషేధం కిందికి రారు! కోట్ల డాలర్ల మేరకు కొనుగోలుదారులను ముంచిన కంపెనీ అధికారి తన తుపాకీని నిక్షేపంగా ఉంచుకోవచ్చు. రెండున్నర వేల డాలర్ల కూపన్ల దగ్గర అబద్ధమాడిన పేదవాడు ఉంచుకోరాదు.

నిషేధం నుంచి ఉపశమనం కోరుకునే దారి కూడా అలాగే పుట్టింది. సుప్రసిద్ధ విన్‌చెస్టర్ తుపాకులను తయారుచేసే మాతృసంస్థ ముడుపుల కేసులో నేరం ఒప్పుకోవడంతో, తుపాకుల వ్యాపారమే మూతపడే ప్రమాదం వచ్చింది. దానిని గట్టెక్కించడానికి 1965లో చట్టానికి సవరణ తెచ్చారు. ప్రజల భద్రతకు ముప్పు లేదని తేలితే నిషేధం తొలగించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. కంపెనీ కోసం తెరచిన ఆ తలుపు గుండా తర్వాత మామూలు మనుషులు కూడా వచ్చారు. అందులో ప్రమాదకరమైనవాళ్లు కూడా ఉన్నారన్న విమర్శ వచ్చింది. ఫలితంగా 1992 నుంచి ఆ పనికి బడ్జెట్‌లో పైసా కేటాయించకుండా అమెరికా పార్లమెంటు దానిని మూయించింది. సెక్షన్ బతికే ఉంది, దరఖాస్తు తీసుకునే గుమాస్తా లేడు. ఆ శాఖ పరిశీలించి తిరస్కరించనిదే తాము జోక్యం చేసుకోలేమని సుప్రీంకోర్టు 2002లో తేల్చడంతో న్యాయస్థానం దారి కూడా మూసుకుపోయింది.

సొంత ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కు అని సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో ప్రకటించినప్పటి నుంచి పరిస్థితి మారుతూ వచ్చింది. నేరస్తులపై చిరకాలంగా ఉన్న నిషేధాలను ఆ తీర్పు ప్రశ్నించడం లేదని కోర్టు అప్పుడే ఒక వాక్యం చేర్చింది. ఆ ఒక్క వాక్యం మీద పదిహేనేళ్లకు పైగా వాదోపవాదాలు సాగుతున్నాయి. 2022 నాటి బ్రూయెన్ తీర్పు ఏ తుపాకీ ఆంక్షకైనా దేశ చరిత్రలో ఆధారం చూపాలన్నది. ఇతరులకు స్పష్టమైన ముప్పుగా కోర్టు నిర్ధారించిన వ్యక్తిని తాత్కాలికంగా నిరాయుధుడిని చేయవచ్చునని 2024 జూన్‌లో రహీమి కేసులో ఎనిమిది మంది న్యాయమూర్తులు అంగీకరించారు. ముప్పు కాని వ్యక్తిని శాశ్వతంగా నిరాయుధుడిని చేయవచ్చునా అన్న ప్రశ్నను ఆ తీర్పు తాకలేదు.

కింది కోర్టులు ఆ ప్రశ్నకు తలా ఒక జవాబు చెబుతున్నాయి. ఫిలడెల్ఫియా కోర్టు చెప్పినది పైన చూశాం. నిషేధం చెల్లుతుంది గానీ తాను ప్రమాదకారిని కానని నిరూపించుకునే అవకాశం మనిషికి ఉండాలని సిన్సినాటిలోని అప్పీళ్ల కోర్టు 2024 ఆగస్టులో అన్నది. అటువంటి విచక్షణ అక్కరలేదని, ఫెలొనీ చేసిన ప్రతివారికీ నిషేధం వర్తిస్తుందని శాన్‌ఫ్రాన్సిస్కోలోని కోర్టు 2025 మేలో పూర్తి ధర్మాసనం తీర్పుగా చెప్పింది. ఒకే నేరం చేసిన ఇద్దరిలో ఒకరికి హక్కు ఉండి మరొకరికి లేకపోవడానికి వారి నివాసమే కారణమవుతున్నది. ప్రస్తుతం సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న ఏమీ కోనీ బారెట్, 2019లో అప్పీళ్ల కోర్టులో ఉన్నప్పుడు రాసిన భిన్నాభిప్రాయం ఈ వ్యాజ్యాలన్నిటికీ మూలపాఠంగా మారింది. తపాలా ద్వారా మోసానికి పాల్పడిన ఒక పాదరక్షల వ్యాపారి కేసు అది. చరిత్ర ప్రమాదకరమైనవారిని నిరాయుధులను చేయడాన్ని సమర్థిస్తుందే తప్ప, కేవలం నేరస్తుడన్న ముద్రను చూసి చేయడాన్ని సమర్థించదని ఆమె వాదించారు.

ఇది ఒకరిద్దరి గోడు కాదు. 2010 నాటికి అమెరికాలో ఫెలొనీ ముద్ర పడినవారు సుమారు 1 కోటీ 90 లక్షల మంది ఉన్నారని సామాజిక శాస్త్రజ్ఞుల అంచనా. అది వయోజనుల్లో 8 శాతం. నల్లజాతి పురుషుల్లోనైతే 33 శాతం. తుపాకీ హక్కును నెత్తిన పెట్టుకునే సంప్రదాయవాదులు, నల్లజాతివారిని జైళ్లలో కుక్కుతున్న తీరును నిరసించే ఉదారవాదులు ఈ ఒక్క విషయంలో ఒకే బల్లమీద కూర్చోవలసి రావడానికి ఈ లెక్కే కారణం.

2025లో ట్రంప్ ప్రభుత్వం మూడు దశాబ్దాలుగా మూతపడిన ఉపశమనం తలుపును మళ్లీ తెరచింది. ఏప్రిల్‌లో పదిమందికి హక్కు పునరుద్ధరించింది. ఆ పదిమందిలో నటుడు మెల్ గిబ్సన్ ఒకరు. అతడి నేరం గృహహింసకు సంబంధించినది. అతడి పేరును సిఫారసు చేయడానికి నిరాకరించిన తర్వాత తనను ఉద్యోగం నుంచి తొలగించారని న్యాయశాఖలో క్షమాభిక్షల విభాగం అధిపతిగా ఉన్న ఎలిజబెత్ ఓయర్ బహిరంగంగానే చెప్పారు. ఆ రెండింటికీ సంబంధం లేదని ప్రభుత్వం ఖండించింది. ఎవరి మాట నిజమైనా, కూపన్ల కేసులోని గడ్డికోత మనిషి తన హక్కు కోసం కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగవలసి వచ్చిందన్నది మాత్రం వాస్తవం. నిర్ణయం నిబంధనల చేతిలో నుంచి అధికారుల విచక్షణలోకి జారినప్పుడు ఏమవుతుందో చూడడానికి అమెరికా దాకా పోనక్కరలేదు. భారతదేశంలో ఈ వ్యవస్థ యావత్తూ ఆ విచక్షణ మీదనే నడుస్తోంది.

హక్కు కాదు, అనుమతి

1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లను దాని నుంచి మినహాయించింది. ఆ అవమానాన్ని జాతీయోద్యమం మరచిపోలేదు. నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు ప్రతి పౌరునికీ ఉండాలని 1931 కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో రాసుకున్నారు. అయితే 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ అదే హక్కును రాజ్యాంగంలో చేర్చాలని సవరణ ప్రతిపాదించినప్పుడు రాజ్యాంగ సభ ఒప్పుకోలేదు. విభజన నెత్తుటి మరకలు ఆరని రోజులవి.

1959లో వచ్చిన చట్టం జాతి వివక్షను తొలగించింది గానీ లైసెన్సు పద్ధతిని అలాగే ఉంచింది. నిషేధిత కోవకు రాని తుపాకీ లైసెన్సు పొందడం జీవించే హక్కులో భాగమని 1993లో అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ మార్కండేయ కట్జూ చెప్పారు గానీ, తర్వాత ఆ కోర్టు విస్తృత ధర్మాసనం దానిని నిలబెట్టలేదు. లైసెన్సు లేని ఆయుధాల బెడదపై 2023 ఫిబ్రవరిలో తనంతట తాను విచారణ చేపట్టిన సుప్రీంకోర్టు, అమెరికాలో మాదిరిగా భారతదేశంలో ఆయుధం ధరించే ప్రాథమిక హక్కు ఎవరికీ లేదని స్పష్టంగా పేర్కొన్నది. ఈ వైఖరిని తప్పుపట్టనక్కరలేదు. ఇంటింటా తుపాకీ ఉండాలని కోరుకునేవారు ఈ దేశంలో అరుదు. హక్కు కానంత మాత్రాన ఇష్టారాజ్యం కావాలా అన్నదే ప్రశ్న.

చట్టంలోని 9వ సెక్షన్ తుపాకీ పొందరానివారి జాబితా ఇస్తుంది. 21 ఏళ్లు నిండనివారు, మతిస్థిమితం లేనివారితో పాటు, హింసతోగానీ ‘నైతిక పతనం’తోగానీ కూడిన నేరానికి జైలుశిక్ష పడినవారు కూడా అందులో ఉన్నారు. వీరికి నిషేధం శిక్షాకాలం తీరిన తర్వాత ఐదేళ్ల వరకు ఉంటుంది. 1959లో కనీసం ఆరునెలల శిక్ష పడితేనే ఇది వర్తించేది. 1983 సవరణలో ఆ పరిమితి తీసేసి, ఎంత స్వల్పమైన జైలుశిక్ష అయినా చాలునన్నారు. అప్పటి నుంచి పది రోజుల శిక్షకూ, పదేళ్ల శిక్షకూ అనర్హత ఒకటే అయింది. బ్రిటన్ చట్టం ఇంతకంటె నయం. అమెరికా చట్టం వచ్చిన 1968లోనే వచ్చిన ఆ దేశపు చట్టం మూడు నెలల నుంచి మూడేళ్ల లోపు శిక్షకు ఐదేళ్ల నిషేధం, మూడేళ్లు, అంతకు మించిన శిక్షకు జీవితకాల నిషేధం అని మెట్లు కట్టింది.

నైతిక పతనం అంటే ఏమిటో ఆయుధాల చట్టం నిర్వచించలేదు. లంచం, ఫోర్జరీ, నమ్మకద్రోహం వంటివి అందులోకి వస్తాయనడంలో పెద్ద వివాదం లేదు. చెల్లని చెక్కు ఇవ్వడం నైతిక పతనమా? ధర్నాలో పాల్గొని నిషేధాజ్ఞలు ఉల్లంఘించడం? పేకాట? ఈ ఇబ్బంది ఉద్యోగాల విషయంలో సుప్రీంకోర్టు ముందుకు 1996లోనే వచ్చింది. 20 రూపాయల జరిమానా పడిన ఒక కేసును సాకుగా చూపి హర్యానా ప్రభుత్వం ఒక ఉద్యోగిని తొలగించగా, నేరం రుజువైనంత మాత్రాన నైతిక పతనం కాదని పవన్‌కుమార్ కేసులో కోర్టు తేల్చింది. చిల్లర జరిమానాలతో జీవనాధారం పోకుండా చట్టం తేవాలని పార్లమెంటుకు సూచించింది. 1958 నాటి నేరస్తుల ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ కూడా మంచి నడవడి మీద విడుదలైనవారికి శిక్ష వల్ల కలిగే అనర్హతలు అంటవని చెబుతోంది. అంటే కూపన్ల కేసు వంటిదే భారతదేశంలో జరిగి, ప్రొబేషన్ మీద వదిలితే, ఆ మనిషికి 9వ సెక్షన్ అసలు అడ్డే కాదు.

పోలికకు ఎన్నికల చట్టాన్నీ చూడవచ్చు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం శిక్ష అనుభవించి విడుదలైన ఆరేళ్ల తర్వాత మళ్లీ పోటీకి అనుమతిస్తుంది. ఆరేళ్లు గడచిన మాజీ ఖైదీ నామినేషన్ వేస్తే, అతడి పాత శిక్ష కారణంగా దానిని తోసిపుచ్చే అధికారం ఏ రిటర్నింగ్ అధికారికీ లేదు. అదే మనిషి తుపాకీ లైసెన్సుకు వెళ్తే చట్టం గడువు ఐదేళ్లే అయినా కథ వేరుగా ఉంటుంది. శాసనసభకు పంపడానికి పనికివచ్చిన మనిషి పొలంలో పందులను బెదరగొట్టే తుపాకీకి పనికిరాకపోవడం చిత్రమే.

శిక్ష పడకముందే

కథ వేరుగా ఉండడానికి కారణం 14వ సెక్షన్. 9వ సెక్షన్ అడ్డు లేకపోయినా, ‘ఏ కారణం చేతనైనా’ దరఖాస్తుదారు తగనివాడని, లేదా ప్రజాశాంతి దృష్ట్యా ఇవ్వరాదని లైసెన్సింగ్ అధికారి భావిస్తే తిరస్కరించవచ్చు. 17వ సెక్షన్ కింద ఇచ్చిన లైసెన్సును రద్దు కూడా చేయవచ్చు. జిల్లాల్లో కలెక్టరు, కమిషనరేట్లలో పోలీసు కమిషనరు ఈ అధికారులు. వారు దరఖాస్తుదారుని చూసేది 13వ సెక్షన్ ప్రకారం స్థానిక పోలీసుస్టేషన్ నుంచి వచ్చే నివేదిక కళ్లతో. ఆ నివేదికలో ఐదేళ్ల కిందటి శిక్ష ఉంటుంది, పదిహేనేళ్ల కిందటిదీ ఉంటుంది. కొట్టేసిన కేసు, రాజీపడిన కేసు, విచారణలో ఉన్న కేసు అన్నీ ఉంటాయి. చట్టం మరచిపొమ్మన్న దానిని రికార్డు మరచిపోదు.

తెలుగు జిల్లాల్లో ఇందుకు రెండు ప్రత్యేక వనరులున్నాయి. ఒకటి రౌడీషీటు. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ఆధారంగా తెరిచే ఈ షీటుకు కోర్టు శిక్షతో నిమిత్తం లేదు. రెండవది బైండోవర్. శాంతిభద్రతలకు హామీగా మండల మేజిస్ట్రేటు ముందు పూచీకత్తు రాయించుకోవడమన్నమాట. ఈ పూచీకత్తు అమలులో ఉన్నంతకాలం ఆ వ్యక్తి తుపాకీకి అనర్హుడని 9వ సెక్షనే చెబుతోంది. నేరం రుజువు కానక్కరలేదు, అసలు జరగనక్కరలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా రాయలసీమ, పల్నాడు గ్రామాల్లో వందలాదిగా సాగే బైండోవర్లలో ఏ వర్గం వారు ఎక్కువగా ఉంటారో అప్పటి అధికార పక్షాన్ని బట్టి చెప్పవచ్చునని ఆ ప్రాంతాల వారు ఎత్తిపొడవడం కొత్తేమీ కాదు. ఫ్యాక్షన్ చరిత్ర ఉన్న ఊళ్లలో ఆయుధాల మీద కన్ను వేసి ఉంచడం తప్పుకాదు. కాని ఆ ఊళ్లలో నెత్తురు పారించినవి లైసెన్సు తుపాకుల కంటె నాటుబాంబులు, వేటకొడవళ్లే ఎక్కువ.

ఒక క్రిమినల్ కేసు విచారణలో ఉన్నంత మాత్రాన లైసెన్సు రద్దు చేయరాదని, ఆ తుపాకీ దుర్వినియోగమైనదో, ప్రజాశాంతికి దానివల్ల ముప్పు ఏమిటో కారణాలతో రాయాలని హైకోర్టులు, ప్రత్యేకించి అలహాబాద్ హైకోర్టు, ఎన్నోసార్లు చెప్పాయి. ఇన్నిసార్లు చెప్పవలసి రావడమే పాలనా యంత్రాంగం వాటిని ఎలా పట్టించుకుంటున్నదో తెలుపుతున్నది. కోర్టు ఉత్తర్వు రద్దు చేస్తుంది, ఫైలు మళ్లీ అదే కార్యాలయానికి పోతుంది, తాజా పోలీసు నివేదిక కోరుతారు. పై అధికారికి అప్పీలు చేసుకునే వీలు 18వ సెక్షన్‌లో ఉన్నా, ఆ అప్పీలును విచారించేది కోర్టు కాదు, అదే యంత్రాంగంలోని మరో అధికారి. నిరాకరణకు కారణాలు రాసి, అడిగితే తెలపాలని చట్టంలో ఉంది. ‘ప్రజాహితం దృష్ట్యా’ తెలపనక్కరలేదని దాని పక్కనే మినహాయింపు కూడా ఉంది.

ఎన్నికల వేళ ఈ వ్యవహారం పరాకాష్ఠకు చేరుతుంది. బెయిలు మీద ఉన్నవారు, నేరచరిత్ర ఉన్నవారు, గతంలో అల్లర్లలో పాల్గొన్నవారి లైసెన్సులను స్క్రీనింగ్ కమిటీ ఒక్కొక్కటిగా పరిశీలించి, అవసరమైతేనే ఆయుధాలు డిపాజిట్ చేయించాలన్నది ఎన్నికల సంఘం ఆదేశాల సారాంశం. బొంబాయి హైకోర్టు 2009లో ఈ విషయమై మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. పరిశీలన శ్రమతో కూడిన పని కాబట్టి, అందరి చేతా డిపాజిట్ చేయించడమే అనేక జిల్లాల్లో ఆనవాయితీ అయిపోయింది. 2024లో ఎన్నికల నియమావళి మార్చి 16 నుంచి జూన్ 6 దాకా అమలులో ఉంది. దాదాపు మూడు నెలలు.

పొలం గట్టున, బ్యాంకు గుమ్మంలో

భారతదేశంలో లైసెన్సు తుపాకీ అనగానే మీసం మెలేసే పెద్దమనుషుల డాబు గుర్తుకొస్తుంది. ఉత్తరాదిన అది చాలావరకు నిజమే. 2016 చివరికి దేశంలో ఉన్న 33.69 లక్షల లైసెన్సుల్లో 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నట్టు కేంద్ర హోంశాఖ లెక్కలు చెబుతున్నాయి. అయితే తుపాకీతో బువ్వ తినేవాళ్లు కూడా ఈ లెక్కలోనే ఉన్నారు. సైన్యం నుంచి పదవీవిరమణ చేసి, సొంత డబుల్‌బ్యారెల్ తుపాకీ, సొంత లైసెన్సు చూపించి బ్యాంకుల వద్ద, నగల దుకాణాల వద్ద గన్‌మన్‌గా కుదిరే మాజీ సైనికుడు వారిలో ఒకడు. ఊళ్లో పొలం గట్టు తగాదాలో అతడి పేరు ఎఫ్‌ఐఆర్‌లో చేరితే ముందు పోయేది లైసెన్సు, దాని వెంట ఉద్యోగం. కేసు కొట్టేసేటప్పటికి అతడి వయసూ ఉద్యోగమూ రెండూ దాటిపోతాయి.

రెండవవాడు అడవి అంచు రైతు. పంట కాపలాకు మందు దట్టించి పేల్చే తుపాకీకి లైసెన్సు ఇవ్వడానికి చట్టంలోనే ప్రత్యేక వెసులుబాటు ఉంది. అడవిపందుల బెడద ఎంత ముదిరిందంటే, 2016లో ఉత్తరాఖండ్‌లో వాటిని హానికర జంతువులుగా కేంద్రం ప్రకటించింది. 2022లో కేరళ ప్రభుత్వం వాటిని కాల్చడానికి అనుమతించే అధికారాన్ని పంచాయతీల అధ్యక్షులకు అప్పగించింది. తుపాకీ అవసరాన్ని ఒకచేత్తో ప్రభుత్వమే ఒప్పుకుంటూ, అది కలిగిన రైతును రెండవచేత్తో అనుమానితుల వరుసలో నిలబెడుతున్నది. పక్కనే ఉన్న కొడగులో కొడవలకు మాత్రం లైసెన్సు అక్కరలేదు. బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న ఆ మినహాయింపును 2019లో కేంద్రం మరో పదేళ్లు పొడిగించింది, కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. పుట్టుక వల్ల వచ్చిన నమ్మకం అది. నడవడి చూపి నమ్మకం సంపాదించుకునే దారి మాత్రం ఇతరులకు స్పష్టంగా లేదు.

విచక్షణ బిగిస్తే భద్రత పెరుగుతుందన్న వాదనకు జమ్మూకాశ్మీర్ ఉదంతం గట్టి జవాబు. 2012 నుంచి 2016 వరకు ఆ రాష్ట్రంలో 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అర్హత లేనివారికి జారీ అయ్యాయన్నది సీబీఐ ఆరోపణ. తుపాకుల డీలర్లు దళారులుగా వ్యవహరించారని, జిల్లా మేజిస్ట్రేట్లుగా పనిచేసిన అధికారులకు ఇందులో పాత్ర ఉందని ఆ సంస్థ కేసులు పెట్టింది, అరెస్టులు కూడా జరిగాయి. రుజువు కావలసినవి ఉన్నా, కుంభకోణం నమూనా మాత్రం సుపరిచితమే. పాత కేసున్న రైతుకు మూసుకునే కిటికీ, పైకం ఉన్నవాడికి తెరుచుకుంటుంది. మరోవైపు, దేశంలో తుపాకీ హత్యల్లో అత్యధికం లైసెన్సు లేని ఆయుధాలతో జరుగుతున్నవేనని జాతీయ నేరరికార్డుల సంస్థ ఏటా చెబుతూనే ఉంది. దరఖాస్తు పెట్టి, వేలిముద్రలిచ్చి, ఠాణాలో పేరు నమోదు చేయించుకునే మనిషి మీద చూపే పట్టుదలలో సగం దొంగ తుపాకుల కార్ఖానాల మీద చూపి ఉంటే సుప్రీంకోర్టు తనంతట తాను కదలవలసిన అవసరం ఉండేది కాదు.

అలాగని అమెరికా పద్ధతి ఆదర్శమేమీ కాదు. అక్కడ ఈ హక్కు పేరిట ఏటా పోతున్న ప్రాణాలు వేల సంఖ్యలో ఉన్నాయి. అక్కడి నుంచి తెచ్చుకోదగినది తుపాకీ కాదు, నిషేధానికి కారణం అడిగే అలవాటు. హింసకు పాల్పడినవాడికి, భార్యను కొట్టినవాడికి, మాఫియాలో తిరిగినవాడికి ఐదేళ్ల గడువు చాలదని వాదించేవారి మాటలో బలం ఉంది. వారికి నిషేధం ఇంకా పెంచవచ్చు కూడా. హింస లేని చిన్న నేరానికి శిక్ష అనుభవించి, గడువు పూర్తిచేసుకున్నవాడి పాత శిక్షనే మళ్లీ కారణంగా చూపి నిరాకరించడం మాత్రం చట్టం వేసిన శిక్షకు కలెక్టరు కార్యాలయం వేసే కొసరు. శిక్ష తీవ్రతను బట్టి నిషేధానికి మెట్లు కట్టడం, నైతిక పతనం కిందికి వచ్చే నేరాలను షెడ్యూలుగా చట్టంలోనే పొందుపరచడం, గడువు తీరిన శిక్షను, కొట్టేసిన కేసును పోలీసు నివేదికలో చేర్చరాదనడం, అప్పీలును జిల్లా జడ్జికి అప్పగించడం పెద్ద ఖర్చుతో కూడిన సంస్కరణలేమీ కావు.

పార్లమెంటుకు ఇటీవల ఆ అవకాశం వచ్చింది. 2019 డిసెంబరులో ఆయుధాల చట్టాన్ని సవరించినప్పుడు, ఒక్కొక్కరి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి ఒకటికి తగ్గించాలని ప్రభుత్వం మొదట ప్రతిపాదించింది. వంశపారంపర్యంగా వచ్చిన తుపాకులు ఏం కావాలంటూ అన్ని పక్షాల సభ్యులు గొంతెత్తడంతో ఆ సంఖ్య రెండయింది. లైసెన్సు కాలపరిమితి మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది, దొంగ ఆయుధాల శిక్షలు యావజ్జీవం దాకా పెరిగాయి. 9వ సెక్షన్‌లోని మాటలు మాత్రం 1983లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.